ఎడ్యుకేషనల్ అడ్మినిస్ట్రేషన్ చదవాలంటే: ముందు ఏ కుర్చీ కోసమో తేల్చుకోండి

సోమవారం పొద్దున ఏడు నలభై. ఫోన్‌లో వరసగా మూడు మెసేజ్‌లు. ఒకరికి జ్వరం, ఒకరి అత్తగారిని రాత్రి ఆస్పత్రిలో చేర్చారు, మూడో ఆవిడ శనివారం అనంతపురం వెళ్లి తిరుగు బస్సు దొరక్క అక్కడే ఆగిపోయారు. ఎనిమిది పదికి బెల్లు. ముగ్గురివీ కలిపి పదహారు పీరియడ్లు, అరగంటలో వాటికి మనుషుల్ని చూడాలి. అడిగితే కాదనరు కదా అని ప్రతిసారీ అదే లెక్కల సారుకు వేస్తే మార్చి నాటికి ఆయన రాజీనామా కాగితంతో వచ్చి నిలబడతారు. తొమ్మిదో తరగతి సైన్స్ పీరియడ్‌ని పీటీ సారుకు ఇస్తే పిల్లలు సంబరపడతారు, పాఠం మాత్రం ఇంకో రోజు వెనక్కి పోతుంది, ఆ క్లాసుకే ఈ నెలలో ఇలా జరగడం మూడోసారైతే పరీక్షల ముందు వాళ్ల చేత ప్రశ్నలు జవాబులు బట్టీ పట్టించడం తప్ప దారుండదు. ఎడ్యుకేషనల్ అడ్మినిస్ట్రేషన్ అంటే ఆ అరగంటే. యూనివర్సిటీలో దీన్ని ప్లానింగ్, సూపర్‌విజన్, ఫైనాన్స్ అని వేరువేరు పేపర్లుగా చదువుతాం, స్కూల్లో అన్నీ కలిసి ఒక్కసారే మీద పడతాయి.

నేను మదనపల్లె నుంచి బెంగళూరు వచ్చి లెక్కల టీచర్‌గా చేరాను, తర్వాత అకడమిక్ కోఆర్డినేటర్, ఇప్పుడు వైస్ ప్రిన్సిపాల్. మారతహళ్లి, కేఆర్ పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు ఉండే మన తెలుగువాళ్లలో నెలకు ఇద్దరు ముగ్గురైనా ఈ చదువు గురించి అడుగుతుంటారు. కొందరు ఏడెనిమిదేళ్లు పాఠాలు చెప్పి ఇక పై మెట్టు ఎక్కాలనుకునే టీచర్లు. కొందరు సాఫ్ట్‌వేర్‌లో పదేళ్లు చేసి, పిల్లల చదువుల్లో ఏదైనా చేయాలని మనసు లాగుతున్నవాళ్లు. ఇంకొందరు ఇప్పుడే బి.ఎడ్. పూర్తిచేసిన పిల్లలు. ముగ్గురూ అడిగేది ఒకటే, ఏ కోర్సు మంచిదని. ముందు మీరు ఏ కుర్చీలో కూర్చోవాలనుకుంటున్నారో చెప్పండి, కోర్సు సంగతి దాన్నిబట్టి తేలుతుంది అంటాను నేను. ఎందుకంటే ఈ ఒక్క సబ్జెక్టు నాలుగు వేరే వేరే ఉద్యోగాలకు దారి తీస్తుంది, ఒకదానికి పనికొచ్చే డిగ్రీ ఇంకోదానికి అక్కరకు రాకపోవచ్చు.

అసలు ఇందులో ఏం చదువుతాం

మన దేశంలో ఈ చదువుకు పెద్దిల్లు ఢిల్లీలోని నీపా, అంటే జాతీయ విద్యా ప్రణాళిక, పరిపాలన సంస్థ. 1962లో యునెస్కో సాయంతో ఆసియా దేశాల విద్యాధికారులకు శిక్షణ ఇవ్వడానికి మొదలైన కేంద్రమే తర్వాత పేర్లు మారుతూ నీపా అయింది, 2006లో డీమ్డ్ యూనివర్సిటీ హోదా వచ్చింది. ఆ కాలంలోనే, 1964 నుంచి 66 దాకా, దేశం మొత్తం చదువుల తీరును పరిశీలించిన కొఠారి కమిషన్ పనిచేసింది. దానికి మెంబర్ సెక్రటరీ జె.పి. నాయక్. విద్య గురించి మంచి మాటలు చెప్పడం వేరు, దానికి ఎంతమంది టీచర్లు, ఎన్ని గదులు, ఎంత డబ్బు, ఏ ఏడాదిలో అని లెక్క కట్టడం వేరు అని ఆయన పని చూస్తే అర్థమవుతుంది. ఈ సబ్జెక్టులో అడుగుపెట్టేవాళ్లు ఆయన రాసినవి ఏవైనా కొన్ని చదవాలని నా కోరిక.

చట్టం కూడా చదవాలి. బట్టీ కొట్టడానికి కాదు, వాడటానికి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యా హక్కు చట్టం షెడ్యూల్ తీసి చూడండి, ఒకటి నుంచి ఐదు తరగతులున్న స్కూల్లో 60 మంది పిల్లల వరకు ఇద్దరు టీచర్లు, 61 నుంచి 90 దాకా ముగ్గురు, 91 నుంచి 120 దాకా నలుగురు. పుస్తకంలో చూస్తే ఇది చిన్న పట్టిక. పల్లెటూరి బడిలో అయితే 61వ పిల్ల పేరు రిజిస్టర్లో ఉందా లేదా అన్న దాని మీద మూడో టీచర్ పోస్టు ఆధారపడి ఉంటుంది, మూడో టీచర్ లేకపోతే ఇద్దరే ఐదు తరగతులను పంచుకోవాలి, అందులో ఒకరు మీటింగ్‌కు వెళ్లిన రోజు బడి మొత్తం ఒకరి చేతిలో. ఒక అంకె వెనక ఇంత ఉందని కనిపించడం మొదలైతే మీరు ఈ సబ్జెక్టుకు సరిపోతారు. కనిపించకపోతే ఇంకొన్నాళ్లు క్లాసురూములో ఉండండి, తొందరేం లేదు.

నాలుగు కుర్చీలు

మొదటిది ప్రైవేట్ స్కూలు. బెంగళూరులో మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది ఇటే. టీచర్, సబ్జెక్ట్ హెడ్, కోఆర్డినేటర్, వైస్ ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్, ఇదీ మెట్ల వరస. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు బి.ఎడ్. లేకుండా నేరుగా ఎం.ఏ. ఎడ్యుకేషన్ చేసి ప్రిన్సిపాల్ పోస్టులకు అప్లై చేయడం. సీబీఎస్ఈ స్కూల్లో ప్రిన్సిపాల్ కావాలంటే పీజీ, బి.ఎడ్., దాంతోపాటు బోధనానుభవం ఉండాలి. మీ ఎం.ఏ. ఎంత మంచి యూనివర్సిటీది అయినా బి.ఎడ్. లేకపోతే ఫైలు అక్కడే ఆగిపోతుంది. కాబట్టి ప్రిన్సిపాల్ కుర్చీ కావాలనుకునేవాళ్లు ముందు రెండేళ్ల బి.ఎడ్. చేయండి, కనీసం నాలుగైదేళ్లు పాఠం చెప్పండి, ఆ తర్వాతే ఎం.ఎడ్. గానీ డిప్లొమా గానీ. కేంద్రీయ విద్యాలయాల్లోనూ ఇంతే, ప్రిన్సిపాల్ పోస్టుకు ఏళ్ల అనుభవం అడుగుతారు, అందుకు తగ్గట్టు జీతం ఏడో వేతన సంఘం లెవెల్ 12లో, మూల వేతనం 78,800 దగ్గర మొదలవుతుంది. వైస్ ప్రిన్సిపాల్‌కు లెవెల్ 10, అంటే 56,100.

రెండోది ప్రభుత్వం. కర్ణాటకలో కొన్ని బడులు కలిసిన క్లస్టర్ స్థాయిలో సీఆర్‌పీ (రిసోర్స్ పర్సన్), బ్లాక్‌కు బీఈఓ (బ్లాక్ విద్యాధికారి), జిల్లాకు డీడీపీఐ (విద్యాశాఖ డిప్యూటీ డైరెక్టర్). మన ఆంధ్రలో మండలానికి ఎంఈఓ, డివిజన్‌కు డిప్యూటీ ఈఓ, జిల్లాకు డీఈఓ. డిప్యూటీ ఈఓ పోస్టులను ఏపీపీఎస్సీ నేరుగా భర్తీ చేస్తుంది, 2023 డిసెంబర్‌లో 38 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. పీజీతో పాటు బి.ఎడ్. ఉండాలి, పరీక్షలో ఎడ్యుకేషన్ మీద పేపర్లు ఉంటాయి. ఇలాంటి నోటిఫికేషన్లు ఏటా రావు, వచ్చినప్పుడు పుస్తకం తెరుద్దామంటే కుదరదు, ఉద్యోగం చేసుకుంటూనే చదువుతూ ఉండాలి. టీచర్లకు శిక్షణ ఇచ్చే జిల్లా సంస్థలైన డైట్ కాలేజీల్లో లెక్చరర్‌గా వెళ్లాలనుకునేవాళ్లకు ఎం.ఎడ్. కావాలి.

మూడోది యూనివర్సిటీ ఆఫీసు. దీని గురించి మనవాళ్లకు చాలా తక్కువ తెలుసు, అందుకే కాస్త ఎక్కువ చెబుతాను. అడ్మిషన్లు, పరీక్షలు, సిబ్బంది నియామకాలు, కోర్టు కేసులు, అక్రెడిటేషన్ (నాణ్యత గుర్తింపు), ఇవన్నీ చూసేది రిజిస్ట్రార్ ఆఫీసు. అందులోకి వెళ్లే మొదటి పెద్ద గుమ్మం అసిస్టెంట్ రిజిస్ట్రార్. కేంద్ర విశ్వవిద్యాలయాల్లో దీనికి 55 శాతం మార్కులతో ఏదో ఒక పీజీ ఉంటే చాలు, బి.ఎడ్. అక్కర్లేదు, జీతం లెవెల్ 10. అసిస్టెంట్ రిజిస్ట్రార్‌గా ఐదేళ్లు చేస్తే డిప్యూటీ రిజిస్ట్రార్‌కు అప్లై చేయవచ్చు. కంపెనీల్లో హెచ్ఆర్, ఆపరేషన్స్ చేసి అలసిపోయినవాళ్లకు ఇది నిజంగా మంచి దారి, ఫైలు చదవడం, నోట్ రాయడం, రూలు వెతికి పట్టుకోవడం ఇష్టం ఉంటే. ప్రైవేట్ కాలేజీల్లో అయితే ఐక్యూఏసీ అనే క్వాలిటీ సెల్ ఉంటుంది, కాలేజీల నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థ నాక్ కోసం డేటా అంతా అక్కడే తయారవుతుంది. 1994లో ఏర్పడిన నాక్ ప్రధాన కార్యాలయం మన నాగరభావిలోనే ఉంది. ఇంజినీరింగ్ కాలేజీలు ఇన్ని ఉన్న ఊళ్లో ఆ పని వచ్చిన మనిషికి పని దొరక్కపోవడం ఉండదు.

నాలుగోది స్వచ్ఛంద సంస్థలు, పరిశోధన. బెంగళూరు ఈ విషయంలో అదృష్టవంతుల ఊరు. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, అక్షర ఫౌండేషన్, మంత్ర ఫర్ చేంజ్, శిక్షాలోకం, ఇలా ప్రభుత్వ బడులతో, అక్కడి హెచ్ఎంలతో పనిచేసే సంస్థలు ఇక్కడే ఉన్నాయి. ఇక్కడ ఎం.ఏ. ఎడ్యుకేషన్‌కు విలువ, బి.ఎడ్. లేకపోయినా చాలాచోట్ల ఇబ్బంది లేదు. సాఫ్ట్‌వేర్ నుంచి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇదే కుర్చీ. డేటా చేతిలో పట్టుకోవడం మీకు తెలుసు, బడి తెలియదు. బడి తెలుసుకోవడానికి టీచ్ ఫర్ ఇండియా, గాంధీ ఫెలోషిప్ లాంటివి ఉన్నాయి, రెండూ రెండేళ్లవి. జీతం సగానికి పైగా తగ్గుతుంది, ఇంట్లో ఈఎంఐలు చూసుకుని, భార్యాభర్తలిద్దరూ కూర్చుని లెక్క వేసుకున్నాకే దిగండి.

ఇప్పుడు కోర్సులు

సర్జాపుర దగ్గరున్న అజీం ప్రేమ్‌జీ యూనివర్సిటీలో రెండేళ్ల ఎం.ఏ. ఎడ్యుకేషన్. 2010లో కర్ణాటక చట్టంతో ఏర్పడిన యూనివర్సిటీ ఇది. ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ ఉంటాయి. ఫీజు చూసి వెనక్కి తిరిగిపోకండి, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజులో కొంత గానీ మొత్తం గానీ స్కాలర్‌షిప్ ఇస్తారు. ఉద్యోగం మానేసి రెండేళ్లు పూర్తిగా చదవగలిగితే ఊళ్లో దీనికి మించింది నాకు కనిపించలేదు.

ఎం.ఎడ్. అంటే జ్ఞానభారతి క్యాంపస్‌లో బెంగళూరు యూనివర్సిటీ ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్ ఉంది, ఇంకా ప్రైవేట్ కాలేజీలున్నాయి. రెండేళ్లు. బి.ఎడ్.లో సాధారణంగా 50 శాతం కావాలి. చేరేముందు ఆ కాలేజీకి ఎన్‌సీటీఈ (జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి) గుర్తింపు ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి.

ఉద్యోగం మానలేని టీచర్లకు ఇగ్నో. రెండు పీజీ డిప్లొమాలున్నాయి, ఒకటి ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్ అండ్ అడ్మినిస్ట్రేషన్, ఇంకోటి స్కూల్ లీడర్‌షిప్ అండ్ మేనేజ్‌మెంట్. జనవరిలో, జూలైలో అడ్మిషన్లు. ఫీజు తక్కువ, పుస్తకాలు బాగుంటాయి. అసైన్‌మెంట్లు మాత్రం ఆఖరి వారం పెట్టుకోకండి. మీ స్కూల్లో నిజంగా జరిగిందాన్నే వాటిలో రాయండి, అప్పుడు రాయడం తేలిక, తర్వాత ఇంటర్వ్యూలో చెప్పడానికీ పనికొస్తుంది.

నీపా డిప్లొమా ప్రధానంగా ఉద్యోగంలో ఉన్న అధికారులకు, డైట్ అధ్యాపకులకు ఉద్దేశించింది, బయట ఉన్నవాళ్లు దాని కోసం ఎదురుచూడనక్కర్లేదు. పీహెచ్‌డీ వైపు వెళ్లాలంటే నాగరభావిలోనే ఐసెక్ (సామాజిక, ఆర్థిక పరిశోధన కేంద్రం) ఉంది, 1972లో వి.కె.ఆర్.వి. రావు నెలకొల్పిన సంస్థ, ఆయన కేంద్రంలో విద్యామంత్రిగా కూడా చేశారు. యూజీసీ నెట్ ఎడ్యుకేషన్ పేపర్లో ఎడ్యుకేషనల్ మేనేజ్‌మెంట్, అడ్మినిస్ట్రేషన్, లీడర్‌షిప్‌కు ప్రత్యేకంగా ఒక యూనిట్టే ఉంది, కాబట్టి ఈ చదువు అక్కడ వృథా కాదు.

ఒక విషయం బాధతోనే చెబుతున్నాను. టీచర్‌గా చేరిన మూడో ఏడు నేను ఒక ఆఫీసులో 45 వేలు కట్టాను. స్కూల్ మేనేజ్‌మెంట్‌లో ఎంబీఏ, ఇంట్లో కూర్చుని చదవొచ్చు, పరీక్షలు ఇక్కడే, సర్టిఫికెట్ వేరే రాష్ట్రం యూనివర్సిటీది అన్నారు. గోడ నిండా ఫొటోలు, టేబుల్ మీద పూలు, నమ్మేశాను. రెండేళ్ల తర్వాత ఒక స్కూలువాళ్లు వెరిఫికేషన్ చేయిస్తే, ఆ యూనివర్సిటీకి దూరవిద్యలో ఆ కోర్సు నడిపే అనుమతే లేదని తేలింది. డబ్బు పోయిందన్న దానికంటే ఆ రెండేళ్లు రాత్రి పదింటి తర్వాత పాపను పడుకోబెట్టి చదివిన గంటలు గుర్తొచ్చి ఎక్కువ ఏడుపొచ్చింది. అందుకే దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ చేరేముందు యూజీసీ డెబ్ (దూరవిద్యా విభాగం) వెబ్‌సైట్ తెరిచి, యూనివర్సిటీ పేరు ఉందా అని మాత్రమే చూసి ఊరుకోకుండా, మీరు చేరే కోర్సు పేరు, మీరు చేరే ఏడాది, రెండూ ఆ జాబితాలో ఉన్నాయా అని చూడండి. స్టడీ సెంటర్ అతను చూపించే జిరాక్స్ కాగితం లెక్కలోకి రాదు.

కన్నడ నేర్చుకోండి

బెంగళూరులో అడ్మినిస్ట్రేషన్ చేయాలంటే ఇది తప్పనిసరి, ప్రైవేట్ స్కూల్లో అయినా సరే. బీఈఓ ఆఫీసు నుంచి వచ్చే సర్క్యులర్ కన్నడలో ఉంటుంది, దాన్ని వాళ్లు సుత్తోలె అంటారు. క్లర్క్ చదివి చెప్పింది నమ్మి సంతకం పెట్టే వైస్ ప్రిన్సిపాల్ ఎప్పుడో ఒకరోజు ఇబ్బందిలో పడతారు. మనకు ఇందులో ఎవరికీ లేని వెసులుబాటు ఉంది, లిపి దాదాపు మనదే. తలకట్టు దగ్గర, క, త, శ లాంటి కొన్ని అక్షరాల దగ్గర తేడా పట్టుకుంటే బస్సు బోర్డులు చదువుతూనే పది రోజుల్లో చదవడం వచ్చేస్తుంది. నాకు అలాగే వచ్చింది, సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో.

తెలుగు కూడా ఇక్కడ పనికొస్తుంది. రెండేళ్ల కింద జూన్‌లో ఒక తల్లి కూతుర్ని తీసుకుని ఆఫీసు బయట నిలబడి ఉంది. కదిరి దగ్గర పల్లె, భర్త ఇక్కడ సెంట్రింగ్ పని. పిల్లకు ఆరో తరగతిలో సీటు కావాలి. మా స్కూల్లో ఇంకెవరికీ ఆమె మాట అందక గేటు దగ్గరే మూడు రోజులు తిరిగి వెళ్లిపోయిందట. “టీసీ అడిగితే సారు సెలవులో ఉండాడంట మేడమ్, రేపు రా మాపు రా అంటాండారు” అంది, చేతిలో ఆధార్ కార్డు, రేషన్ కార్డు, పాత ప్రోగ్రెస్ కార్డు అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో. విద్యా హక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం టీసీ ఆలస్యమైందని ఎనిమిదో తరగతి లోపు పిల్లలకు అడ్మిషన్ ఆపడానికి వీల్లేదు. ఆ పూటే పిల్లను క్లాసులో కూర్చోబెట్టాం. కానీ కథ అక్కడితో అయిపోదు. దేశంలోని బడి పిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ఆ పిల్ల ఇంకా పాత బడి పేరు మీదే ఉంది, వాళ్లు అందులోని డ్రాప్‌బాక్స్ జాబితాలోకి వదిలితే తప్ప మేం మా బడిలోకి తీసుకోలేం. పేరు ఆధార్‌లో ఒక స్పెల్లింగ్, బడి రికార్డులో ఇంకో స్పెల్లింగ్. ఆ పాత బడికి ఆరుసార్లు ఫోన్ చేశాను, తెలుగులోనే, అన్నా అని పిలిచి బతిమాలి. ఆగస్టు రెండో వారంలో గానీ పని కాలేదు.

ఈ పని ఏ సిలబస్‌లోనూ ఇలా ఉండదు. కానీ మీరు కూర్చోబోయే కుర్చీలో రోజూ ఉండే పని ఇదే.

చదువుతూనే చేయాల్సినవి

మీరు ఇప్పుడు టీచర్‌గా ఉంటే, మీ కోఆర్డినేటర్‌ను అడిగి ఒక టర్మ్ పాటు అరేంజ్‌మెంట్ రిజిస్టర్, అంటే రానివాళ్ల పీరియడ్లు ఎవరికి వేశారో రాసే పుస్తకం, మీరు రాయండి. తర్వాత పరీక్షల సీటింగ్, ఇన్విజిలేషన్ డ్యూటీలు. ఆ తర్వాత వచ్చే ఏడాది టైమ్‌టేబుల్‌లో చేయి వేయండి. కొత్త టైమ్‌టేబుల్ వేసేటప్పుడు ముందు కదలనివి పెట్టాలి, అంటే ల్యాబులు, రెండు సెక్షన్లు కలిసే సెకండ్ లాంగ్వేజ్ పీరియడ్లు, వారానికి మూడు రోజులే వచ్చే డ్యాన్స్ టీచర్, వీటిని ముందు బిగించి మిగతావి వాటి చుట్టూ సర్దాలి. లెక్కలు అన్నీ పొద్దున పీరియడ్లలోనే పెట్టాలని మొదటి ఏడాది నేను పట్టుబట్టాను, తెలుగు కన్నడ టీచర్లకు మధ్యాహ్నం నిద్రమొహం పిల్లలే మిగిలారు. వాళ్లు నాతో గట్టిగానే మాట్లాడారు, వాళ్లదే సరైన మాట.

ఎక్సెల్ బాగా రావాలి. అఫిలియేషన్ (బోర్డు గుర్తింపు) ఫైలు ఒకసారి మొదటి కాగితం నుంచి చివరిదాకా చదవాలి, ఫైర్ సర్టిఫికెట్, బిల్డింగ్ సేఫ్టీ, నీటి పరీక్ష, టీచర్ల అర్హతల జాబితా, ఏది ఎప్పుడు రెన్యూ చేయాలో తెలియాలి. సీబీఎస్ఈ స్కూల్లో ప్రతి టీచరుకూ ఏడాదికి 50 గంటల శిక్షణ ఉండాలి, దాని లెక్క ఎవరు ఎలా రాస్తున్నారో చూడండి. డబ్బు సంగతి మాత్రం చాలామంది మేనేజ్‌మెంట్‌వాళ్లు చూపించరు, పట్టు వదలకుండా అడగండి, కనీసం లైబ్రరీకి, ల్యాబుకు ఎంత కేటాయించారో తెలుసుకోండి.

ఇంటర్వ్యూల్లో సిద్ధాంతాలు అడగడం తక్కువ. నన్ను అడిగినవి ఇలాంటివి: ఒక తల్లి టీచర్ మీద కేకలేస్తూ వచ్చింది, ముందు ఎవరితో మాట్లాడతారు? బోర్డు పరీక్షలకు రెండు నెలల ముందు ఫిజిక్స్ టీచర్ వెళ్లిపోయారు, ఏం చేస్తారు? వీటికి పుస్తకం జవాబు చెబితే పట్టేస్తారు. మీకు జరిగింది చెప్పండి, తప్పు చేసి ఉంటే అది కూడా.

చివరిగా, మన ఆంధ్రలో ప్రభుత్వ పోస్టుల మీద ఆశ ఉన్నవాళ్లకు ఒక మాట. మీరు లోకల్ (స్థానిక అభ్యర్థి) అవునా కాదా అన్నది మీరు స్కూలు చదువు ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి తేలుతుంది, బెంగళూరులో పుట్టి పెరిగిన మన పిల్లలు ఈ విషయంలోనే ఎక్కువ నష్టపోతారు, కాబట్టి నోటిఫికేషన్‌లో ఆ భాగం ముందు చదవండి. ఊళ్లో చదివినవాళ్లు ఒకటి నుంచి పది దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి, నోటిఫికేషన్ వచ్చాక పరిగెత్తకండి. నేను చదివిన ప్రైమరీ బడి ఇప్పుడు లేదు, పక్క ఊరి బడిలో కలిపేశారు. రిజిస్టర్ ఎక్కడుందో కనుక్కోవడానికే రెండు రోజులు తిరిగాను. అక్కడి హెచ్ఎం మేడమ్ బీరువా అడుగు నుంచి అట్ట ఊడిన అడ్మిషన్ రిజిస్టర్ తీసి, దుమ్ము దులిపి, వేలు పెట్టి ఒక్కో వరసా చూస్తూ నా పేరు పట్టుకున్నారు. పుట్టిన తేదీ, నాన్న పేరు, చేరిన రోజు, అన్నీ నీలం సిరాతో, మా ఒకటో తరగతి సారు గుండ్రటి చేతిరాతలో తప్పు లేకుండా ఉన్నాయి.